ఓపీజీలో 14 మి.మీ., సీబీసీటీలో 11 మి.మీ.: ఏది నమ్మాలి?

కింది దవడలో మొదటి మోలార్ (నమిలే పెద్ద పన్ను) తీసేసిన చోట ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు) పెట్టడానికి కొలిస్తే, ఎముక పై అంచు నుంచి నాడీనాళం (ఎముక లోపల నరం వెళ్లే దారి) వరకు ఓపీజీలో (రెండు దవడలనూ ఒకే చిత్రంలో చూపే ఎక్స్‌రే) 14 మి.మీ., సీబీసీటీలో (దవడను త్రీడీలో చూపే స్కాన్) 11 మి.మీ. వచ్చిందనీ, ఏది తప్పో తేలడం లేదనీ మీరు రాశారు. నిజానికి ఇందులో తప్పేమీ లేదు. ఓపీజీ దవడను అసలు పరిమాణం కన్నా పెద్దదిగా చూపిస్తుంది. ఆ పెరుగుదల యంత్రాన్ని బట్టీ, రోగి తలను నిలిపిన తీరును బట్టీ సాధారణంగా 10 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. మీ చిత్రంలో కొలత పోల్చుకోవడానికి పెట్టిన 5 మి.మీ. ఉక్కు గోళీ నిలువునా 6.25 మి.మీ.గా పడిందన్నారు కనుక 14ను 1.25తో భాగించండి, 11.2 వస్తుంది. అడ్డు కొలతలకు మాత్రం ఈ లెక్క వాడవద్దు, అక్కడ సాగుడు చోటు చోటుకూ మారుతుంది.

సీబీసీటీని కూడా గుడ్డిగా నమ్మకూడదు. అడ్డుకోత (స్కాన్‌లో దవడను అడ్డంగా కోసినట్టు చూపే చిత్రం) దవడ వంపుకు లంబంగా లేకపోతే కొలత మారిపోతుంది. రోగి కదిలినా, పక్క పంటికి లోహపు తొడుగు ఉన్నా అంచులు మసకబారుతాయి. కోతను సరిచేసి రెండు మూడు సార్లు కొలవండి. అప్పుడూ 11 మి.మీ. వస్తే, నాళానికి పైన కనీసం 2 మి.మీ. వదలాలి కాబట్టి 10 మి.మీ. ఇంప్లాంట్ కుదరదు, 8 మి.మీ.ది చూడండి. డ్రిల్ కొన గుర్తించిన లోతు కన్నా కాస్త ముందుకు పోతుందన్న సంగతి (చాలామంది మరిచేది ఇదే) కూడా లెక్కలో ఉంచుకోండి.