టెక్ సందేహాలు: అన్నీ గట్టివే, అతుకే వదులు

ప్రశ్న: ఇంట్లో కంప్యూటర్‌లో కెమెరా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాను. బయటి నుంచి చూసుకోడానికి అదే మెషీన్‌లో రివర్స్ ప్రాక్సీ (బయటి నుంచి వచ్చేవాటిని ముందు తానందుకుని సాఫ్ట్‌వేర్‌కు చేర్చే ప్రోగ్రాం), హెచ్‌టీటీపీఎస్ పెట్టాను. ఫైర్‌వాల్ ఉంది. పాస్‌వర్డ్ 20 అక్షరాలు. అయినా మొబైల్ డేటాలో తెరిస్తే లాగిన్ అడక్కుండానే వీడియోలు వస్తున్నాయి. ఏది పాడైంది?

జవాబు: ఏదీ పాడవలేదు, చిక్కే అది. సెట్టింగుల్లో 'లోకల్ నెట్‌వర్క్ నుంచి వస్తే లాగిన్ అక్కర్లేదు' అన్నచోట టిక్కు ఉండి ఉంటుంది. ప్రాక్సీ పక్కనే ఉంది కాబట్టి, ఏ మూల నుంచి ఎవరొచ్చినా సాఫ్ట్‌వేర్‌కు కనిపించేది 127.0.0.1, అంటే ఆ మెషీన్ సొంత చిరునామా. సాఫ్ట్‌వేర్‌ను డాకర్ లాంటి కంటెయినర్‌లో (మిగతావాటి నుంచి వేరుచేసిన డబ్బాలో) నడుపుతుంటే 172.17.0.1 లాంటిది. అదీ లోకలే. దాని లెక్కలో వచ్చినవాళ్లంతా ఇంట్లోవాళ్లే.

టిక్కు తీసేయండి. దాన్ని ఉంచుకుని, 'ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్' హెడర్ (ఎవరి నుంచి వచ్చిందో చెప్పేందుకు అభ్యర్థనతో పాటు వచ్చే వరుస) చూసి అసలు చిరునామా పట్టుకోవచ్చని చాలామంది సలహా ఇస్తారు. అసలు భయం అక్కడే. ఆ హెడర్ ఎవరైనా రాసి పంపొచ్చు. బయటివాడు అందులో 192.168.1.5 అని ఇంటి నెట్‌వర్క్ చిరునామా పెడతాడు. ప్రాక్సీ దాన్ని చెరపకుండా వాడి అసలు చిరునామాను చివర తగిలిస్తుంది. సాఫ్ట్‌వేర్ మొదటిదే చదువుతుంది. వాడు మళ్లీ ఇంట్లోవాడే! ప్రాక్సీ పాత విలువను కొట్టేసి, తనకు కనెక్టయిన చిరునామానే రాయాలి. సాఫ్ట్‌వేర్‌లో 'ట్రస్టెడ్ ప్రాక్సీ' జాబితాలో ఆ ప్రాక్సీ ఒక్కటే ఉండాలి.

ఫైర్‌వాల్‌నీ నమ్ముకోకండి. లినక్స్‌లో కంటెయినర్ పోర్టును 8080:8080 అని ఇస్తే అన్ని ఇంటర్‌ఫేసుల మీదా తెరుచుకుంటుంది. ఆ ప్యాకెట్లు ఇన్‌పుట్ చెయిన్‌కు (మెషీన్‌కే వచ్చేవాటిని ఫైర్‌వాల్ చూసే రూళ్ల వరుసకు) రాకుండా ఫార్వర్డ్ వైపు మళ్లిపోతాయి, మీ రూలు వాటిని చూడనే చూడదు. 127.0.0.1:8080:8080 అని ఇవ్వండి. రౌటర్‌లో హెచ్‌టీటీపీఎస్ పోర్టు 443 తప్ప మరేదీ ఫార్వర్డ్ చేయొద్దు, యూపీఎన్‌పీ (పరికరాలు అడిగితే రౌటర్ తనంతట పోర్టులు తెరిచే సదుపాయం) ఆపేయండి.

లోకల్ అంటే నమ్మకస్తుడే అన్న సెట్టింగును ముందే ఆన్‌లో పెట్టి అమ్మేవాళ్లను ఏమనాలో తెలియదు. విడివిడిగా పరీక్షిస్తే అన్నీ పాసే, కలిసేచోటే తేడా. హెచ్‌టీటీపీఎస్ మీద 2012 నాటి 'క్రైమ్' (CRIME) దాడి గుర్తుందా? కంప్రెషన్‌లో తప్పు లేదు, ఎన్‌క్రిప్షన్‌లోనూ లేదు. రెండూ కలిశాక, లాగిన్ కుకీలో అక్షరం ఊహ కుదిరినప్పుడల్లా ప్యాకెట్ పొడవు తగ్గి గుట్టు బయటపడింది. హెచ్‌టీటీపీఎస్ వెనకుండే ఎన్‌క్రిప్షన్ ప్రమాణం టీఎల్‌ఎస్‌లో 2018లో వచ్చిన 1.3 వెర్షన్ కంప్రెషన్‌నే తీసిపారేసింది.

అన్నీ సరిచేశాక మొబైల్ డేటా నుంచి కర్ల్‌తో (వెబ్ అభ్యర్థనలు పంపే కమాండ్ టూల్), 'ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్' హెడర్‌లో 127.0.0.1 అని రాసి పంపి చూడండి. వీడియోల జాబితా వస్తే అతుకు ఇంకా ఊడే ఉన్నట్టు. ప్రాక్సీ మీదుగా ఏ చిరునామాల నుంచి చూసిపోయారో దాని యాక్సెస్ లాగ్‌లో (వచ్చినవాళ్ల చిట్టాలో) ఉంటుంది. అది చెరిగిపోకముందే కాపీ చేసుకోండి.