అక్కను అడగండి: పండుగకు అందరొస్తుండ్రు

దసరా సెలవులు దగ్గరవడ్డయి, ఈ నెల వచ్చిన ఉత్తరాలల్ల సగం చుట్టాలు, దోస్తుల ముచ్చట్లే ఉన్నయి. మూడిటికి ఇక్కడ జవాబు రాస్తున్న.

ప్రశ్న: అక్కా, మాది నల్లగొండ. ప్రతి దసరాకు మా ఆడిబిడ్డలిద్దరు పిల్లలతోని వస్తరు, మరిది వాళ్లు పుణె నుంచి వస్తరు, మొత్తం 14 మందిమి అయితం. వాళ్లొస్తుండ్రంటె నాకు నిజంగ సంతోషమే. కానీ పోయినేడు నాలుగు రోజులు పొయ్యి కాడనే గడిచినయి, వాళ్లు హాల్ల నవ్వుకుంట ముచ్చట్లు పెడుతుంటె నేను లోపల పూరీలు ఒత్తుకుంట విన్న. బస్సెక్కేటప్పుడు మా చిన్నాడిబిడ్డ "వదినా, ఈసారి నీతోని మాట్లాడనే లేదు" అన్నది, నాకు ఏడుపొచ్చింది. ఈసారి ఏం చేయాలె?

జవాబు: చెల్లె, ఆమె ఆ మాట అన్నదంటె ఆమెకు గూడ అదే బాధున్నది. అందుకే వాళ్లొచ్చినంక కాదు, ఇయ్యాల్నే ఆమెకు ఫోన్ చెయ్యి. "నువ్వన్న మాట నా మనసుల ఉండిపోయింది, ఈసారి కలిసి వండుకుందాం" అని చెప్పు. చుట్టాలు చెయ్యరని కాదు, వదిన వంటింట్ల చెయ్యి పెడితె ఏమనుకుంటదో అని ఎనుకాడుతరు, మనమేమో అడిగితె ఏమనుకుంటరో అని ఒక్కరమే మోస్తం, గిట్లనే ఏండ్లు గడుస్తయి.

పనిని వంటింట్లకెళ్లి బయటికి తే. వాకిట్ల చాపేసి ఉల్లిగడ్డలు కోసుడు, ఎల్లిగడ్డ పొట్టు తీసుడు, గరిజెలు ఒత్తుడు అన్నీ అక్కడ పెట్టు, ముచ్చట దానంతటదే అక్కడికి వస్తది. పండుగ నాడు మటన్, బగారన్నం మగోళ్లకే అప్పజెప్పు, కట్టెల పొయ్యి పెట్టుకోని వాళ్లే వండాలె, మన దిక్కు దావతులల్ల పెద్ద గంజుల వండేది మగోళ్లే గదా, ఇంట్ల మాత్రం ఎందుకు వండరు. 14 మందికి పొద్దుగాల పూరీలు మాత్రం వద్దే వద్దు, ఉప్మా చాలు. మటన్ తిన్న తెల్లారి పచ్చిపులుసు, ముద్దపప్పు పెట్టు, అందరు అదే అడుగుతరు చూడు.

తిరుగుడు గూడ తక్కువ పెట్టుకోండి. పానగల్లు మీ ఊరి పక్కనే ఉన్నది, ఛాయా సోమేశ్వరాలయం చూపియ్యి, గర్భగుడిల లింగం ఎనుక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా ఒక్క తీర్గ నిలవడతది, అది ఏ స్తంభం నీడనో కనిపెట్టుమని పిల్లలకు చెప్తె గంట సేపు అక్కడే తిరుగుతరు. నాగార్జునసాగర్ పోవాల్నంటె ఒక దినం పూర్తిగ పోతది, దానికి బతుకమ్మల ఆరో రోజు మంచిది, అది అలిగిన బతుకమ్మ, ఆ నాడు బతుకమ్మ పేర్చరు గదా, ఆడోళ్లకు చేతులు ఖాళీ. ఆ రోజు శుక్రవారం కాకుండ చూసుకో, నాగార్జునకొండ మ్యూజియం శుక్రవారం బంద్. మ్యూజియం కాడికి పోయే లాంచీ నీళ్లను బట్టి నడుస్తది, ముందే అడిగి పోండి. డ్యాం 26 గేట్లు, 2022ల తెరిచిన బుద్ధవనం, ఇవి చూసినా దినం నిండుతది.

ప్రశ్న: అక్కా, మాది జడ్చర్ల దగ్గర పల్లె. దసరా తెల్లారి మా టెన్త్ బ్యాచ్ కలుద్దామని గ్రూపుల పెట్టిన్రు, మనిషికి 2000 అన్నరు. నా పక్క బెంచీల కూసున్న దోస్తు బొంబాయిల కూలి పని చేస్తడు, పండుగకు ఊరికొస్తుండు గానీ మెసేజ్ చూసి జవాబిస్తలేడు. వాడు లేకుంటె నాకు పోబుద్ధి గాదు.

జవాబు: తమ్మీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. పాలమూరు నుంచి బొంబాయికి, పుణెకు వలస పోయినోళ్లు లేని ఊరు మన దిక్కు దొరకదు, నీ క్లాసుల గూడ వాడొక్కడే ఉండడు, ఇంకా ఇద్దరు ముగ్గురు అట్లనే సప్పుడు చేయకుండ ఉంటరు, కావాల్నంటె గ్రూపు తెరిచి చూడు.

ముందుగాల ఆ 2000 తీసెయ్యమని గట్టిగ చెప్పు. ఫంక్షన్ హాలు, షీల్డులు, ఒకటే రంగు టీషర్టులు ఎందుకు, చదువుకున్న బడిలనే హెడ్మాస్టర్‌ను అడిగి చెట్టు కింద కూసోండి, అన్నం వండించుకుంటె 300 లోపల అయిపోతది. అది గూడ ఎవరిచ్చిన్రు, ఎవరియ్యలేదని గ్రూపుల లిస్టు పెట్టొద్దు, డబ్బులు ఒక్కని దగ్గరే చేరాలె, వాడు నోరు తెరవొద్దు. స్టేజీ ఎక్కించి "ఇప్పుడేం చేస్తున్నవ్" అని ఒక్కొక్కర్ని అడుగుడు గూడ వద్దు, నాకు అది అస్సలు నచ్చదు. ఎవల పక్కకు ఎవలు కూసునేటోళ్లో అట్లనే కూసోండి చాలు. తాగుడు ఉంటె చీకటి పడ్డంక, సార్లు పోయినంక.

ఇంగ నీ దోస్తును మెసేజ్ పెట్టి పిలువకు. దసరా నాడు సాయంత్రం జమ్మి కాడికి ఊరంత వస్తది, వాడు గూడ వస్తడు. జమ్మాకు చేతుల పెట్టి, అలాయ్ బలాయ్ తీసుకో, "రేపు పొద్దుగాల బండి మీద వచ్చి ఎక్కించుకుంట" అని చెప్పు. బంగారం చేతుల పెట్టి పిలిస్తె కాదనుడు కష్టం. ఒకవేళ అప్పటికీ రానంటె బలవంతం చేయకు, నువ్వు గంట సేపు అక్కడ కూసోని మిగిలిన దినం వాళ్ల ఇంటికాడ గడుపు. ఇద్దరే పిల్లలమర్రి దాకా పోయి రాండి, 2017 డిసెంబర్ల పెద్ద కొమ్మ విరిగినంక సెలైన్ బాటిళ్లతోని మందెక్కిచ్చి ఆ చెట్టును కాపాడిన్రు, బడి నుంచి పోయినప్పుడు చూసిన చెట్టే, కాకుంటె లోపలికి ఎంతదాకా విడుస్తుండ్రో కనుక్కోని పో.

ప్రశ్న: బిడ్డా, మాది దేవరకొండ. బెంగుళూరు నుంచి మనుమరాండ్లు వస్తుండ్రు, ఒకరికి 8, ఇంకొకరికి 11 ఏండ్లు. తెలుగు అర్థమైతది గానీ మాట్లాడరు, పొద్దంతా ఫోనే. వాళ్లతోని ఎట్ల గడపాలె?

జవాబు: అమ్మా, ఫోన్ గుంజుకోకుండ్రి, పొద్దున చీకట్ల లేపి బతుకమ్మ కోసం తంగేడు పూలకు తీస్కపోండ్రి. గునుగు పూలు కట్టలు కట్టి రంగుల ముంచే పని వాళ్లకే ఇయ్యిండ్రి, చేతులకు రంగంటుతె ఫోన్ పట్టుకునుడు వాళ్లకే కుదరదు. పాట రాదని సిగ్గువడితె "ఉయ్యాలో" ఒక్కటే అందుకొమ్మనండి, పాట మీరు పాడుతె వరుసకు ఒకసారి వాళ్లు అంటరు, రెండో రోజుకే గొంతు లేస్తది. సద్దుల నాడు మలీద ముద్దలు వాళ్లతోనే కట్టిచ్చి, చెరువు కాడ పంచేటప్పుడు గిన్నె చిన్నామె చేతికే ఇయ్యిండ్రి.