జనం వస్తున్నారు సరే, ఆదాయమేదీ?

ప్రశ్న: గోపాలపూర్ తీరానికి, దేవమాలి కొండకు జనం బాగానే వస్తున్నారు. అయినా చుట్టుపక్కల ఊళ్లకు చెప్పుకోదగ్గ ఆదాయం కనిపించదు. కారణమేమిటి?
– ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా

జవాబు: ఎందరు వచ్చారన్నదాని కన్నా, ఎందరు రాత్రి బస చేశారన్నదే స్థానిక ఆదాయాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. గోపాలపూర్ మీ పట్టణానికి సుమారు 15 కిలోమీటర్లే కనుక, మధ్యాహ్నం వచ్చినవారు చీకటి పడేసరికి ఇల్లు చేరుకోగలరు. వారి ఖర్చు టీ, కొబ్బరిబొండం, ఆటో కిరాయిలతో సరిపోతుంది. అదే ఒక కుటుంబం రాత్రి ఉండిపోతే గది అద్దెతో పాటు రెండు పూటల భోజనానికి కావలసిన చేపలు, పాలు, కూరగాయలు కూడా అమ్ముడై, ఆ డబ్బు నాలుగైదు చేతులు మారుతుంది.

ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరమైన దేవమాలి (1,672 మీటర్లు) సంగతి వేరు. అక్కడికి బయటి వాహనంలో, బయటి డ్రైవరుతో, తిండి కూడా వెంట తెచ్చుకుని వచ్చేవారి వల్ల ఊరికి మిగిలేది చాలాసార్లు చెత్త మాత్రమే.

ఇక కాలం సంగతి. చిలిక సరస్సులో వలస పక్షులు చలికాలానివి, తారాతారిణి అమ్మవారి జాతర చైత్ర మంగళవారాలది, మహేంద్రగిరి కొండపై రద్దీ శివరాత్రిది. జాతర జనాన్ని చూసి అప్పు చేసి లాడ్జి కట్టడం, నా దృష్టిలో, తొందరపాటే. ఉన్న ఇంట్లోనే ఒకటి రెండు గదులను శుభ్రమైన మరుగుదొడ్డితో అద్దెకిస్తే, ఖాళీ నెలల్లో వడ్డీ భారమైనా ఉండదు.