స్కోర్‌బోర్డు దాటి రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

యూనివర్సిటీ విద్యార్థి పత్రికలో స్పోర్ట్స్ డెస్క్ నీకు అప్పగించారని రాశావు. సంతోషం. మ్యాచ్ రిపోర్టు రాయడం తొందరగానే పట్టుబడుతుంది. అమెరికాలో కాలేజీ ఆటల గురించి రాసేవాళ్లకు అసలు చిక్కు మైదానం బయట ఎదురవుతుంది. గాయం, మార్కులు, ప్రేమ, అరెస్టు, ఇంట్లో చావు. ఈ ఉత్తరం వాటి గురించే.

ముందు నువ్వు ఎవరి గురించి రాస్తున్నావో చూసుకో. అక్కడి కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ కింద ఐదు లక్షలకు పైగా క్రీడాకారులు ఆడుతున్నారు. టీవీలో రోజూ కనిపించేవాళ్లు అందులో పిడికెడుమంది. ఎన్‌సీఏఏ మూడో అంచె అయిన డివిజన్-3లో ఆటకు స్కాలర్‌షిప్పే ఉండదు. అక్కడ ఈత పోటీలకు వచ్చే పంతొమ్మిదేళ్ల పిల్ల తరఫున మాట్లాడటానికి ఏజెంటూ ఉండడు, లాయరూ ఉండడు. 2021 జులై 1 నుంచి తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి సంపాదించుకునే వీలు విద్యార్థులకు వచ్చింది. ఎన్‌సీఏఏ మీద క్రీడాకారులు వేసిన కేసులో కుదిరిన రాజీ, హౌస్ సెటిల్‌మెంట్, 2025లో ఆమోదం పొందాక యూనివర్సిటీలే నేరుగా చెల్లించడం మొదలుపెట్టాయి. తొలి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ‘డబ్బు తీసుకుంటున్నారు కాబట్టి వాళ్ల బతుకంతా బహిరంగమే’ అనే మాట నీ డెస్క్‌లోనే వినబడుతుంది. దానికి తలూపకు. డబ్బు తీసుకున్నవాళ్లను డబ్బు గురించి అడుగు: ఎవరిచ్చారు, దేనికిచ్చారు, మహిళల జట్లకు ఎంత మిగిలింది. ఆ అమ్మాయి ఎవరితో తిరుగుతోంది, ఏ మాత్ర వేసుకుంటోంది అన్నవాటికి ఆ డబ్బుతో సంబంధం లేదు.

సొంత సంగతి ఏది చేతికొచ్చినా ఒక్క ప్రశ్న వేసుకో. ఇది అచ్చయితే పాఠకుడు ఎవరిని నిలదీయగలుగుతాడు? కోచ్‌నా, అథ్లెటిక్ డైరెక్టర్‌నా, యూనివర్సిటీనా? అలా ఎవరూ లేకపోతే, చదివినవాళ్లు ‘అవునా!’ అనుకోవడం తప్ప ఇంకేమీ జరగకపోతే, అది నీ నోట్‌బుక్‌లోనే ఉండాలి.

గాయాల సంగతి చూడు. ప్రెస్‌మీట్‌లో అడగ్గానే ‘ఫెర్పా ఒప్పుకోదు’, ‘హిపా ఒప్పుకోదు’ అంటారు. 1974 నాటి ఫెర్పా విద్యాసంస్థలు తమ దగ్గరున్న విద్యార్థి రికార్డులను బయటపెట్టకుండా కట్టడి చేస్తుంది. 1996 నాటి హిపా ఆస్పత్రులకు, బీమా సంస్థలకు వర్తిస్తుంది. ఈ రెండూ విలేకరి చేతులు కట్టవు. ట్రైనింగ్ రూమ్‌లో పనిచేసే కుర్రాడు నీకు ఒక ఎంఆర్ఐ సంగతి చెబితే, అచ్చువేయకుండా నిన్ను ఆపే చట్టం దాదాపు ఉండదు. అందుకే ఆగడమా, రాయడమా అన్నది నీ తీర్పు మీదే ఉంటుంది.

ఇక్కడ పాఠకుడికి కావలసింది ఆ ఆటగాడు శనివారం ఆడతాడా లేదా అన్నది. ఏ నరం తెగింది, ఏ మందు వాడుతున్నాడు అన్నది అతని సొంత సంగతి. ఈ తేడాను కాన్ఫరెన్సులే, అంటే తమలో తాము పోటీపడే యూనివర్సిటీల కూటములే, గుర్తించాయి. బిగ్ టెన్ అనే కాన్ఫరెన్సు 2023 అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ నుంచి ప్రతి మ్యాచ్‌కు రెండు గంటల ముందు ఎవరు ఆడరో, ఎవరిది అనుమానమో ప్రకటిస్తోంది. మరుసటి ఏడాది ఎస్ఈసీ అనే మరో కాన్ఫరెన్సు కూడా అలాంటి జాబితా తెచ్చింది. ఇదంతా పందేల వల్లే వచ్చింది. 2018లో సుప్రీంకోర్టు తీర్పుతో రాష్ట్రాలు క్రీడా పందేలను చట్టబద్ధం చేసుకునే దారి తెరుచుకుంది. అప్పటి నుంచి ‘మోకాలు నొప్పట’ అనే చిన్న మాటకు కూడా మార్కెట్లో ధర పలుకుతోంది. పందెం పోయినవాడు ఆ విద్యార్థి ఇన్‌స్టాగ్రామ్‌లో దూరి బూతులు తిడతాడు, చంపుతానంటాడు. నువ్వు హాస్టల్ మెట్ల మీద విన్నమాటను ట్వీట్ చేస్తే ఆ తిట్లు పడేది ఆ పిల్లవాడికే. అధికారిక జాబితా వచ్చేదాకా ఆగు. లేదంటే ఆటగాడే పేరుపెట్టి చెప్పాలి.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అది పెద్దదే. తలకు దెబ్బ తగిలి కంకషన్ (మెదడు అదరడం) అయిన అమ్మాయిని అదే రోజు కోచ్ మళ్లీ బరిలోకి దింపితే అది వైద్య రహస్యం కిందికి రాదు. అది సంస్థ చేసిన తప్పు, తప్పకుండా రాయాలి. అప్పుడు కూడా ముందు ఆ అమ్మాయి దగ్గరికే వెళ్లు. ఏది రాయొచ్చో, ఏది వద్దో విను. పేరు లేకుండా రాసే దారి ఉందేమో చూడు. ఉన్నా, జట్టులో పన్నెండు మందే ఉంటే పేరు తీసేయడం వల్ల పెద్దగా దాగదని ఆమెకు ముందే చెప్పు.

అరెస్టు వార్తల్లో తొందరపాటు ఎంత ఖరీదో తెలుసుకోవాలంటే డ్యూక్ యూనివర్సిటీ లాక్రాస్ జట్టు కేసు చదువు. 2006 మార్చిలో అత్యాచార ఆరోపణ వచ్చింది. ముగ్గురు ఆటగాళ్ల ముఖాలు దేశమంతా తిరిగాయి. 2007 ఏప్రిల్‌లో రాష్ట్ర అటార్నీ జనరల్ కేసు ఎత్తేసి, ఆ ముగ్గురూ నిర్దోషులని ప్రకటించాడు. కేసు నడిపిన ప్రాసిక్యూటర్ (డిస్ట్రిక్ట్ అటార్నీ) లాయరు పట్టానే పోగొట్టుకున్నాడు. అక్కడ పత్రికలు ప్రాసిక్యూటర్ మాటను సాక్ష్యంగా తీసుకున్నాయి. నువ్వు మెట్టు మెట్టుకూ మాట మార్చి రాయి. ఫిర్యాదు వేరు, అరెస్టు వేరు, అభియోగం వేరు, శిక్ష వేరు. పోలీసు రిపోర్టు కాపీ, కోర్టు ఫైలు నంబరు చేతిలో ఉండాలి. అదే పేరున్న వేరే మనిషి కాదని పుట్టినతేదీతో సరిచూసుకో. నిందితుడికి, అతని లాయరుకు ఫోను, మెయిలు రెండూ పెట్టి, జవాబుకు చాలినంత సమయం ఇవ్వు. రాత్రి పదకొండుకు మెయిలు పంపి పదకొండుంపావుకు ‘స్పందించలేదు’ అని రాయడం మోసం. ఫిర్యాదు చేసిన అమ్మాయి పేరు రాయకు. ఆమె హాస్టల్, ఊరు, క్లాసు రాసినా పేరు రాసినట్టే. తర్వాతి వాయిదా తేదీని క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకో. కేసు తేలేదాకా వెంబడించే ఓపిక లేకపోతే చిన్నకేసుల్లో అరెస్టు వార్త వేయనే వద్దు.

ఇదంతా విని భయపడి ముడుచుకుపోవద్దు. గోప్యత అనే గోడ వెనక యూనివర్సిటీలూ దాక్కుంటాయి. నార్త్ కరోలైనా యూనివర్సిటీ విద్యార్థి పత్రిక డెయిలీ టార్ హీల్, లైంగిక దాడికి బాధ్యులుగా క్యాంపస్ విచారణలోనే తేలినవాళ్ల వివరాలు 2016లో అడిగింది. ఫెర్పా అడ్డమని యూనివర్సిటీ ఇవ్వలేదు. అలాంటి కేసుల్లో తుది ఫలితాన్ని బయటపెట్టడానికి ఆ చట్టంలోనే వీలుంది. 2020 మేలో రాష్ట్ర సుప్రీంకోర్టు పత్రిక పక్షాన తీర్పిచ్చింది. బాధితుల, సాక్షుల పేర్లు పత్రిక అడగలేదు. ఎక్కడ పట్టుబట్టాలో, ఎక్కడ ఆగాలో ఈ కేసులో రెండూ ఉన్నాయి.

దుఃఖాన్ని కూడా సరిచూసుకోవాలి. 2012లో నోటర్ డామ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాడు మాంటీ టెయో ప్రియురాలు చనిపోయిందని పేరున్న పత్రికలన్నీ కన్నీళ్లతో రాశాయి. 2013 జనవరిలో డెడ్‌స్పిన్ అనే స్పోర్ట్స్ వెబ్‌సైట్ తేల్చిందేమిటంటే ఆ అమ్మాయి అసలు లేనేలేదు, ఎవరో ఆన్‌లైన్‌లో అతణ్ని మోసం చేశారు. మరణ నమోదు వెతికినా, ఆమె చదివిందన్న యూనివర్సిటీకి ఒక్క ఫోను చేసినా బయటపడేది. ఏడుస్తున్నవాణ్ని రుజువు అడగడానికి విలేకరులు మొహమాటపడ్డారు. ఆ తర్వాత నవ్వులపాలైంది ఆ కుర్రాడు. ఇలాంటప్పుడు నెమ్మదిగా ‘ఆమె పూర్తి పేరు, ఊరు తప్పు పడకుండా రాయాలి, చెబుతావా’ అని అడుగు. ఇంట్లోవాళ్లతోనూ మాట్లాడు.

ఎవరు ఎవరిని ప్రేమిస్తారన్నది చెప్పుకునే హక్కు వాళ్లకే ఉంది. మిజోరీ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాడు మైకేల్ శామ్ తాను గేనని 2013 ఆగస్టులో జట్టుకు చెప్పాడు. ఆ మాట ఊళ్లో విలేకరుల దాకా వచ్చింది. వాళ్లు రాయలేదు. 2014 ఫిబ్రవరిలో అతనే లోకానికి చెప్పుకున్నాడు. ఆ ఆరు నెలల్లో పాఠకులు నష్టపోయిందేమీ లేదు.

ఒంటి గురించిన పుకార్లకైతే ఇంకా పెద్ద గీత గీసుకో. ఇంటి దగ్గరి ఉదాహరణ 2023 హాంగ్జౌ ఆసియా క్రీడలు. మన తెలంగాణ అమ్మాయి అగసర నందిని ఏడు పోటీలు కలిసిన హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. 5708తో నాలుగో స్థానంలో నిలిచిన తోటి భారత క్రీడాకారిణి నందిని స్త్రీత్వాన్నే శంకిస్తూ పోస్టు పెట్టి, తర్వాత తీసేసింది. పోస్టు పోయింది కానీ దాన్ని శీర్షిక చేసిన వార్తలు ఇంకా ఉన్నాయి. ఆధారం లేని ఆరోపణను ప్రశ్నార్థకం తగిలించి శీర్షికలో పెట్టినా వ్యాప్తి చేసినట్టే. రాయక తప్పకపోతే ఫలితం చెల్లుతుందన్న సంగతి మొదటి వాక్యంలో రాయి, ఆ అమ్మాయి మాట రెండో వాక్యంలో పెట్టు. ఆరోపణ పదాలను మళ్లీ రాయకు, ఒళ్లు చూపించే ఫొటో వాడకు.

మన ఛానెళ్లకు ఇంకో అలవాటుంది. పతకం రాగానే ఇంటికి కెమెరా తీసుకెళ్లి రేకుల కప్పు, ఖాళీ గిన్నెలు చూపిస్తారు. ఆ పేదరికం ఆమె ఒక్కదానిది కాదు, అమ్మానాన్నలది, చెల్లెళ్లది కూడా. వాళ్లందరినీ అడగాలి.

పాత పోస్టులు తవ్వేటప్పుడు అది రాసినప్పటి వయసు చూడు. 2018 డిసెంబర్‌లో ఫుట్‌బాల్ ఆటగాడు కైలర్ మరే, కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచిన రాత్రే, అతను పద్నాలుగు పదిహేనేళ్లప్పుడు రాసిన ట్వీట్లు వార్తయ్యాయి. అవి చెడ్డ మాటలే, అతను క్షమాపణ చెప్పాడు. అయినా ఆ వయసు మాటలను ఆ రాత్రికే ఎందుకు వేశారో పాఠకులకు వివరించలేకపోతే ఆ వార్త వేయకూడదనే నా అభిప్రాయం.

ఆత్మహత్య జరిగితే పద్ధతి, చోటు, ఉత్తరం రాయకు. కుటుంబానికి తెలిసేదాకా పేరు వేయకు. వార్తలోనే సహాయ నంబరు ఉండాలి: అమెరికాలో 988, ఇండియాలో 14416.

చివరిగా ఒక పని. వార్త వెబ్‌సైట్‌లో ఎక్కాక అది ఆ విద్యార్థి ఉద్యోగ దరఖాస్తుల వెంట పోతూనే ఉంటుంది. తీసేయమనే అభ్యర్థనలు మీ పత్రికకూ వస్తాయి. 2021లో బోస్టన్ గ్లోబ్ పత్రిక ఇలాంటివాటి కోసమే ‘ఫ్రెష్ స్టార్ట్’ అనే విధానం పెట్టుకుంది. మీకు అలాంటిది రాతలో ఉందా అని ఎడిటర్‌ని అడుగు. లేకపోతే నువ్వే ఒక పేజీ ముసాయిదా రాసిపెట్టు: ఎవరు అడగొచ్చు, ఏ కాగితాలు చూపాలి, కేసు కొట్టేస్తే పాత వార్తపైనే ఆ సంగతి ఎన్ని రోజుల్లో చేర్చాలి, పేరు ఎప్పుడు తీసేయొచ్చు, ఎప్పుడు తీయకూడదు. సీజన్ మొదలయ్యేలోపు దాని మీద సంతకాలు పడేలా చూడు. ముసాయిదా నాకు పంపితే చూసిపెడతాను.

ఆశీస్సులతో.