హిమోగ్లోబిన్ 9.2: టానిక్ కన్నా ముందు చేయించవలసిన పరీక్ష

ప్రశ్న: మాది పాడేరు ఏజెన్సీలోని ఒక గ్రామం. మా అమ్మాయికి పన్నెండేళ్లు, ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి చదువుతోంది. పాఠశాలలో రక్తపరీక్ష చేసి హిమోగ్లోబిన్ 9.2 ఉందన్నారు. సెలవులకు ఇంటికి వస్తే చోడి (రాగి) అంబలి ముట్టడం లేదు, టీ బిస్కెట్లతోనే గడిపేస్తోంది. రక్తం పట్టడానికి మంచి టానిక్ ఏదైనా చెప్పగలరు.

జవాబు: ఈ వయసులో హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత ఉన్నట్టే. 8కి పైన, 11కి లోపు ఉంటే దాన్ని మధ్యస్థాయిగా లెక్కిస్తాం కనుక మీ అమ్మాయికి చికిత్స తప్పనిసరి. అయితే ముందుగా సికిల్ సెల్ పరీక్ష చేయించండి. గిరిజన ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే ఈ జన్యు వ్యాధిని గుర్తించేందుకు 2023 జూలైలో జాతీయ మిషన్ కూడా మొదలైంది. ఈ వ్యాధి ఉన్న పిల్లల్లో ఎర్ర రక్తకణాలు త్వరగా చితికిపోవడం వల్ల రక్తం తగ్గుతుంది కాబట్టి, ఐరన్ లోపం ఉందో లేదో తేల్చుకోకుండా నెలల తరబడి మందు వాడితే అది ఒంట్లో పేరుకునే ప్రమాదం ఉంది.

ఆ వ్యాధి లేదని తేలితే ఖరీదైన టానిక్ అక్కర్లేదు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలే సరిపోతాయి. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం మాత్ర రక్తహీనత రాకుండా కాపాడడానికి ఉద్దేశించినది. ఇప్పటికే రక్తం తగ్గిన పిల్లలకు వైద్యుడు చెప్పిన మోతాదులో రోజూ వేయాలి. నెల తర్వాత మళ్లీ పరీక్షిస్తే కనీసం ఒక గ్రామైనా పెరిగి ఉండాలి. ఒక వైద్య శిబిరంలో ఓ అమ్మాయి పుస్తకాల సంచి అరలోంచి నాలుగు నీలం మాత్రలు తీసి నా చేతిలో పెట్టింది. ఖాళీ కడుపుతో వేసుకుంటే వాంతి వస్తోందని, ఆ సంగతి వార్డెన్‌కు చెప్పడానికి భయపడి దాచానని చెప్పింది. మీ అమ్మాయినీ కోప్పడకుండా అడిగి చూడండి. భోజనం తర్వాత వేసుకుంటే వికారం తగ్గుతుంది, మలం నల్లబడినా భయం లేదు. ఏడాదికి రెండుసార్లు బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా మానకూడదు.

ఇక అంబలి విషయం. వంద గ్రాముల చోళ్లలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, పాలిష్ బియ్యంలో పది మిల్లీగ్రాములకు అటూ ఇటుగా మాత్రమే ఉంటుంది. పిండిని రాత్రంతా పులియబెట్టడం వల్ల ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు తగ్గుతాయి. అలాగని అంబలి ఒక్కటే రక్తాన్ని పెంచదు. దానితో పాటు కందిపప్పో రాజ్మానో, ఆకుకూర, గుడ్డు ఉండాలి, పక్కన ఒక ఉసిరికాయో నిమ్మచెక్కో ఉంటే ఆ ఐరన్ బాగా ఒంటబడుతుంది. టీ మాత్రం భోజనానికీ మాత్రకూ గంట ముందు, గంట తర్వాత వద్దు, అసలు ఇవ్వకపోతే మరీ మంచిది.

హాస్టల్‌కు వెళ్లిన పిల్లలు అంబలి మానేయడానికి రుచి కన్నా సిగ్గు పెద్ద కారణమని నా అనుభవం. అది పేదల తిండి అని ఎవరో నవ్వి ఉంటారు. రాష్ట్రంలోని బడుల్లో పిల్లలకు ఇస్తూ వచ్చిన రాగిజావ, మీ ఇంటి చోడి అంబలి ఒకే గింజవని ఆమెకు చెప్పండి, అందరూ కలిసి కూర్చుని తాగండి.

నెలసరి మొదలై ఉంటే రక్తస్రావం ఎక్కువగా ఉందేమో తల్లిచేత అడిగించండి. నాలుగడుగులు వేస్తేనే ఆయాసం రావడం, కాళ్లు వాయడం, కళ్లు పచ్చబడడం, కీళ్లలో తీవ్రమైన నొప్పి రావడం వంటివి కనిపిస్తే సెలవులు అయ్యేదాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.