రైతు ఇంటికి కోడలిగా వెళ్తున్న పట్నం అమ్మాయికి నా జవాబు

పట్నంలో పుట్టి పెరిగాను, వ్యవసాయం చేసే అబ్బాయితో పెళ్లి కుదిరింది అని రాశారు. తెల్లవారకముందే లేవడం, పశువుల పని, ఆ వాతావరణంలో పిల్లల్ని పెంచడం నావల్ల అవుతుందా, చేస్తున్న ఉద్యోగం మానుకోవాలా అని అడిగారు. నేనూ ఇరవై మూడేళ్లు వచ్చేదాకా పొలం గట్టు తొక్కలేదు. పాడీ పంటా ఉన్న ఇంటికి కోడలిగా వచ్చి 18 ఏళ్లయింది. పాపకి పదిహేనేళ్లు, బాబుకి పదకొండు. నాకు తెలిసింది తెలిసినట్టు చెబుతాను.

పని ఎక్కువని అందరూ భయపెడతారు. ఎక్కువే. నాలుగున్నరకి లేస్తే పేడ తీయడం, కొట్టం కడగడం, పాలు పితకడం, దూడల్ని చూసుకోవడం, ఆ తర్వాత ఇంటి పని, పిల్లల్ని బడికి పంపడం. కలుపు తీసే రోజుల్లో పొలానికి కూడా. సాయంత్రం మళ్లీ కొట్టం. ఆవుకి ఆదివారం తెలియదు, మన జ్వరం తెలియదు. మొదటి రెండేళ్లు నడుము పట్టేసేది, చేతులు బొబ్బలెక్కేవి. తర్వాత ఒళ్లు అలవాటు పడింది. అలవాటు పడనిది ఇంకొకటి ఉంది. మన పని ఎవరి లెక్కలోకీ రాకపోవడం.

పెళ్లైన ఆరు నెలలకి అప్పు కాగితాల పని మీద ఒకాయన ఇంటికి వచ్చాడు. "మీ ఆవిడ ఏం చేస్తుంది?" అని అడిగితే మా ఆయన "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. ఆయన మనసులో ఏ చెడూ లేదు. వాళ్ల నాన్న వాళ్లమ్మ గురించి ఎలా చెప్పాడో అలాగే చెప్పాడు. కానీ ఆ పొద్దున నేను నాలుగు ఆవుల పాలు పితికి, రెండు మోపుల గడ్డి కోసుకొచ్చి, తడి ఆరని చీరతోనే ఆ వచ్చినాయనకి మంచినీళ్లు ఇచ్చాను. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. పొద్దున్నే పాత నోటుబుక్కు ఒకటి వెతికి తీసుకుని, ఏ ఆవు ఎన్ని లీటర్లు ఇచ్చిందో రాయడం మొదలుపెట్టాను. కోపంతో మొదలుపెట్టిన పనే, దాచుకోను.

మెల్లగా ఆ పుస్తకంలో అన్నీ చేరాయి. ఏ ఆవు ఎప్పుడు ఎదకి వచ్చింది, ఎప్పుడు ఆంబోతుతో కట్టించాం లేదా సూది వేయించాం, ఆ తేదీకి దాదాపు 280 రోజులు కలిపితే ఎప్పుడు ఈనుతుంది. దాణా ఎన్ని బస్తాలు, డీజిల్ ఎంత, కూలీలు ఎంతమంది, ఏ మందు ఏ రోజు కొట్టాం, అప్పు కంతు ఎప్పుడు. మూడో ఏడు మొక్కజొన్న పీచు వేసే సమయానికి, అంటే కంకి కొసన దారాల్లాంటి పీచు బయటికి వచ్చే రోజుల్లో, వాన మొహం చాటేసింది. ఆ పంట మిగతా ఎప్పుడు నీళ్లు తగ్గినా కొంత ఓర్చుకుంటుంది కానీ పీచు వేసే రోజుల్లో తగ్గితే గింజ కట్టదు. సగం పంట కూడా రాలేదు. అప్పు తీర్చడానికి రెండు ఆవుల్ని అమ్మేద్దామని మా ఆయన, మామయ్య మాట్లాడుకుంటున్నారు. నేను పుస్తకం తెచ్చి ముందు పెట్టాను. ఏడు నెలలుగా ఇల్లు నడిచింది పాల డబ్బుతోనే. అమ్మాలనుకున్న ఆవుల్లో ఒకటి ఇంకో రెండు నెలల్లో ఈనబోతోంది. మామయ్య ఒక్కో పేజీ తిప్పుతూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి మూలన పడి ఉన్న ఇంజను అమ్మి, కంతుకి గడువు అడిగాం. ఆవులు ఉండిపోయాయి. ఆ తర్వాత ఏది కొనాలన్నా అమ్మాలన్నా "ఆ పుస్తకం ఇలా తే" అనడం మా ఇంట్లో మామూలైపోయింది.

ఇది నా ఒక్కదాని బాధే అనుకునేదాన్ని. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2011లో వేసిన నివేదిక గురించి చాలా ఏళ్ల తర్వాత చదివాను. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో వ్యవసాయంలో పనిచేసేవాళ్లలో సగటున 43 శాతం ఆడవాళ్లేనట. భూమి, అప్పు, ఎరువులు, పనిముట్లు మగవాళ్లకి అందినట్టే వాళ్లకీ అందితే వాళ్ల పొలాల్లో దిగుబడి 20 నుంచి 30 శాతం పెరగగలదని అందులో రాశారు. అక్టోబరు 15ని గ్రామీణ మహిళల దినంగా 2008 నుంచి జరుపుతున్నారు, 2026ని మహిళా రైతుల సంవత్సరంగా కూడా ప్రకటించారు. అది చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. "ఇంట్లోనే ఉంటుంది" అని అనిపించుకున్నవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారన్నమాట. అందుకే ఎవరైనా అడిగితే మీరు "మా ఆయన వ్యవసాయం చేస్తాడు" అనకండి, "మేం వ్యవసాయం చేస్తాం" అనండి. మొదట్లో నోరు రాదు. అయినా అనండి.

ఇక పిల్లల సంగతి. ఇది కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా తప్పు ఒకటి ఉంది ఇందులో.

బాబుకి రెండున్నరేళ్లప్పుడు కలుపు మందు కొంచెం మిగిలితే, డబ్బా కారుతోందని మంచినీళ్ల సీసాలో పోసి వసారా మూలన పెట్టాం. ఒక్క పూటే కదా, రేపు కొట్టేస్తాం కదా అనుకున్నాం. పెట్టింది మా ఆయన, చూసి ఊరుకున్నది నేను. పాలు కాచి బయటికి వచ్చేసరికి వాడి చేతిలో ఆ సీసా ఉంది, మూత ఊడిపోయి ఉంది, చొక్కా తడిసి ఉంది. తాగాడో లేదో తెలియదు. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ చేతులు వణుకుతాయి. బట్టలు తీసేసి, పారే నీళ్ల కింద సబ్బుతో కడిగి, మందు డబ్బా లేబుల్ కూడా పట్టుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. దేవుడి దయ వల్ల నోట్లోకి పోలేదు. వాంతి చేయించబోతే అత్తయ్య ఆపింది. అది చాలా మంచి పని అని డాక్టరు తర్వాత చెప్పారు. కొన్ని మందులు పైకి వచ్చేటప్పుడు గొంతుని, ఊపిరితిత్తుల్ని ఇంకా దెబ్బతీస్తాయట. ఏ మందో తెలిస్తేనే సరైన వైద్యం చేయగలరు కాబట్టి లేబుల్ తీసుకెళ్లడం కూడా మంచిదైంది.

అప్పటి నుంచి మా ఇంట్లో మందు దాని డబ్బాలోనే, తాళం వేసిన పెట్టెలో, పిల్లలకి అందని ఎత్తులో ఉంటుంది. మందు కొట్టి వచ్చిన మనిషి స్నానం చేసేదాకా పిల్లల్ని ఎత్తుకోడు. ఆ బట్టలు మిగతా బట్టలతో కలపను, విడిగా ఉతుకుతాను. మన పని చేసే చోటు, మన పిల్లలు ఆడుకునే చోటు ఒకటే. ఆఫీసుకి పిల్లల్ని తీసుకెళ్లరు కదా, ఇక్కడ పిల్లలు పుట్టడమే ఆఫీసులో పుట్టినట్టు. ట్రాక్టరు చక్రం మీది బురదరేకు (మడ్‌గార్డు) మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని తిప్పడం ముద్దుగానే ఉంటుంది. ఒక్క కుదుపు చాలు చక్రం కింద పడడానికి. ఈ ఒక్క విషయంలో నేను మామయ్యతో కూడా గొడవపడ్డాను, తగ్గలేదు. పశువుల నీళ్ల తొట్టి కూడా చిన్నపిల్లలకి ప్రమాదమే, మూత పెట్టించండి.

భయపెట్టాలని కాదు. ఇవి చూసుకుంటే పిల్లలకి ఇంతకంటే మంచి పెంపకం నాకు తెలియదు. మా పాపకి తొమ్మిదేళ్లప్పుడు ఒక రాత్రి ఆవు ఈనుతోంది, అదే రాత్రి బాబుకి జ్వరం. మా ఆయన ఊళ్లో లేడు. నేను కొట్టానికీ గదికీ మధ్య తిరుగుతుంటే పాప తడిగుడ్డ పట్టుకుని తమ్ముడి దగ్గర కూర్చుంది. దూడ పడ్డాక "గంటలోపే ముర్రుపాలు తాగించాలమ్మా, నువ్వే చెప్పావు" అని నాకే గుర్తుచేసింది. దూడ రోగాల్ని తట్టుకునే శక్తి ఆ మొదటి పాలలోనే వస్తుంది, ఒక రోజు దాటితే ఒంటికి పట్టదు. ఎప్పుడో మాటల్లో చెప్పిన సంగతి అంత గుర్తు పెట్టుకుంది. అలాగని బడి మాన్పించి పని చెప్పకండి. కోతల రోజుల్లో ఆ ఒత్తిడి ఇంట్లో అందరి మీదా పడుతుంది, ఒక్క రోజే అంటారు, అది వారమవుతుంది. మా ఇంట్లో బడి ఉన్న రోజు పని లేదని మొదట్లోనే గట్టిగా చెప్పేశాను.

మీరు కడుపుతో ఉన్నప్పుడు ఒక జాగ్రత్త. పశువు ఈచుకుపోతే, అంటే నెలలు నిండకుండానే దూడ పడిపోతే, ఆ దూడని, మావిని ముట్టుకోకండి, ఈనేటప్పుడు వట్టి చేతులతో సాయం పట్టకండి, కాచని పాలు తాగకండి. పశువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బులు కొన్ని కడుపులో బిడ్డకి కూడా హాని చేస్తాయి. ఆ నెలల్లో ఆ పని ఇంకెవరైనా చూడాలని ముందే చెప్పుకోండి. మొహమాటపడితే ఎవరికీ తట్టదు.

ఒంటరితనం గురించి మీరు అడగలేదు కానీ ఉంటుంది. చుట్టూ మనుషులు ఉంటారు, అయినా మన ఈడు మనిషితో మనసులో మాట చెప్పుకునే తీరిక ఉండదు. నాకు పక్క పొలం ఆవిడ దొరికింది. ఇద్దరం గడ్డికి ఒకే వేళకి వెళ్తాం, అదే మా మాటల వేళ. అలాంటి ఒక్క మనిషిని వెతుక్కోండి. పుట్టింటికి వెళ్లడం మాత్రం వాయిదా పడుతూనే ఉంటుంది. ఆవులున్న ఇంట్లో ఇద్దరూ కలిసి ఊరెళ్లడమంటే పాలు పితికే మనిషిని ముందు కుదుర్చుకోవాలి. మేం ఆ మనిషిని కుదుర్చుకోవడం నేర్చుకునేసరికి ఆరేళ్లు పట్టింది. మీరు మొదటి ఏడే ఆ పని చేయండి.

ఉద్యోగం గురించి. రాకపోకలకి వీలుంటే మానకండి. పంట ఏడాదికి ఒకటి రెండుసార్లే డబ్బు ఇస్తుంది, అదీ వాన దయ. నెలనెలా వచ్చే జీతం ఆ ఇంటికి ఎంత ధైర్యమో మీకు మొదటి కరువులోనే తెలుస్తుంది. మానాల్సి వస్తే మాత్రం మానే ముందే మాట్లాడుకోండి: పాల డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, కొత్తగా కొనే భూమి ఎవరి పేరున ఉంటుంది. పెళ్లికి ముందు ఈ మాటలు ఎలా ఎత్తాలి అనుకుంటారు. నేను ఎత్తలేదు. పన్నెండేళ్ల తర్వాత మేం కొత్తగా కొన్న పొలం చెక్కకి ఇద్దరి పేర్లూ రాయించడానికి నేను నా పద్నాలుగు నోటుబుక్కులూ చూపించాల్సి వచ్చింది. రాయించాడు, సంతోషంగానే రాయించాడు. ఆ రోజు కాగితాల్లో "వృత్తి" అన్న చోట ఏం రాయాలని అక్కడి మనిషి అడిగితే, నేను నోరు తెరిచేలోపే మా ఆయన "రైతు అని రాయండి" అన్నాడు.