శాఖా గ్రంథాలయానికి వాట్సాప్ ఛానెల్ అవసరమా?

నెలకు కనీసం రెండు పోస్టులు పెట్టే మనిషి ఉంటేనే గ్రంథాలయానికి వాట్సాప్ ఛానెల్ (అడ్మిన్లే పోస్టులు పెడతారు, మిగతావాళ్లు చదువుతారు) పెట్టాలి. లేకపోతే గేటు దగ్గరి నోటీసు బోర్డే మేలు.

కారణం ఏమంటే, కొత్త పుస్తకాలు వారం వారం రావు, కట్టలుగా వస్తాయి. వచ్చిన వారం హడావిడి, తర్వాత నిశ్శబ్దం. మూడు నెలలు ఉలుకూపలుకూ లేని ఛానెల్ చూస్తే గ్రంథాలయమే మూతపడిందేమో అనుకుంటారు. అందుకే ముందుగా ఆరు పోస్టులు కాగితం మీద రాసి చూడండి. మూడో దానికే విషయం అయిపోతే ఆ ఆలోచన మానుకోవచ్చు.

చిత్తూరులో ఒక శాఖకు 40 పుస్తకాలు వచ్చాయనుకుందాం. అన్ని అట్టల ఫొటోలూ ఒకేసారి పెడితే ఎవరూ చూడరు. పోస్టుకు నాలుగు చొప్పున, నెలకు రెండు పోస్టులైతే ఐదు నెలలు వస్తాయి. డీఎస్సీ, గ్రూప్-2 పుస్తకాలు మాత్రం ముందే చెప్పేయాలి, పరీక్ష అయ్యాక చెప్పి లాభం లేదు. ప్రతి పుస్తకానికీ పేరు, రచయిత, బీరువా నంబరు, ఇంటికి ఇస్తారా అక్కడే చదవాలా అన్నది రాయాలి. జనం అడిగేది ఈ చివరిదే.

చాలామంది గ్రూపూ ఛానెలూ ఒకటే అనుకుంటారు. గ్రూపులో 1024 మందికే చోటు, అందరి ఫోన్ నంబర్లూ అందరికీ కనిపిస్తాయి, గుడ్ మార్నింగ్‌ల కింద అసలు కబురు మునిగిపోతుంది. ఛానెల్‌లో చదివేవాళ్ల నంబర్లు ఒకరివి ఒకరికి కనబడవు. రెండో అడ్మిన్‌ను మాత్రం మొదటిరోజే చేర్చండి. లేకపోతే లైబ్రేరియన్‌కు బదిలీ అయినప్పుడు ఫోన్‌తో పాటు ఛానెలూ వెళ్లిపోతుంది.